మహదేవ్‌పూర్ అడవి నుంచి తెచ్చిన మూట

మన షోలాపూర్ పూర్వభాగ్‌లో నూలు కోన్ల మీద వస్తది, రంగు డబ్బాలో వస్తది. రెండూ చెట్ల మీద దొరికే ఊరు మహదేవ్‌పూర్. భూపాలపల్లి దాటి, కాటారం మీదుగా కాళేశ్వరం పోయే తొవ్వలో ఉంటది. మొక్కు తీర్చుకోను పోయే మనవాళ్లు దాన్ని బస్సు కిటికీలోంచి చూసి దాటిపోతరు.

హోళీ ముందర అమ్మను తీసుకొని అక్కడి మేనత్త ఇంటికి పోయిన. చాదర్ల కార్ఖానా మూతపడ్డప్పటి నుంచి అమ్మకు చేతిలో పని లేదు. పని లేకుంటే ఆమెకు నిద్ర రాదు.

ఆ రోజుల్లో మోదుగ చెట్టుకు ఆకు ఉండదు, అంతా పువ్వే. నల్లమద్ది బెరడు మొసలి తోలులెక్క గళ్లు గళ్లుగా పగిలి ఉంటది. దసలి పురుగు పెరిగేది ఆ చెట్టు మీదనే. పక్షులు, చీమలు తినకుండా పెంచేవాళ్లు కావలి కాస్తరు. పురుగు అల్లుకున్న కాయ చిన్న కోడిగుడ్డంత ఉంటది. దానికి గట్టి తొడిమె, తొడిమె చివర ఉంగరం. ఆ ఉంగరంతో కొమ్మను పట్టుకొని వేలాడుతది.

"చిల్లు పడ్డయే తెంపు వదినా, నిండు కాయ ముట్టకు. దాంట్ల పురుగున్నది, అది పెంచినోళ్లది" అన్నది అత్త.

నిండు కాయను సోడా నీళ్లలో ఉడకబెడితే వందల మీటర్ల దారం వస్తది. ఆడవాళ్లు దాన్ని తొడ మీద పురి పెట్టి తీస్తరు. చిల్లు కాయలో దారం తెగిపోతది, దాన్ని ఉడకబెట్టి చేత్తో వడకాలె. అత్త వడికిన ముతక దారాన్ని అమ్మ వేళ్ల మధ్య నలిపి చూసి నవ్వింది. "ఇది మా మాస్టర్ చూస్తే కోన్ వాపసు పంపేటోడు."

మూటలో చిల్లు కాయలు, రాలిన మోదుగ పూలు, కరక్కాయలు. ఇంటికొచ్చి మీటరున్నర కోరా గుడ్డ తీసినం. మోదుగ పూలు ఉడికించి, పటిక పట్టిన గుడ్డను ముంచితే పసుపు. ఒక అంచును సున్నపు తేట చూపిస్తే నారింజ రంగు తిరిగింది. నలుపుకు ఓపిక కావాలె: తుప్పు ఇనుము, బెల్లం నీళ్లు కుండలో రెండు వారాలు ఊరాలె. కరక్కాయ పట్టిన గుడ్డకు ఆ నీళ్లు తగిలితే చాలు, నల్లబడుతది. వాసన మాత్రం చెప్పొద్దు, పక్కింటోళ్లు వచ్చి అడిగిన్రు.

అమ్మ నల్ల గుడ్డ ముక్కలతో నల్లమద్ది మాను కుట్టింది, గళ్లతో సహా. కాయలను కత్తెరతో రేకులుగా కోసి, అత్త ఇచ్చిన దారంతోనే కొమ్మలకు కుట్టింది. కొన్ని కాయలను తొడిమెతో అట్లనే వేలాడదీసింది.

"ఎంతకు పోతది?" అని అడిగినోళ్లే ఎక్కువ. పనైతే పదహారు రోజులు పట్టింది. దానికి కూలి కట్టిచ్చే గిరాకీ మన గల్లీలో లేడు. అమ్మ మాత్రం ఆ పదహారు రోజులూ పడుకోంగనే నిద్రపోయింది.

మోదుగ పసుపు ఎండకు వెలుస్తది, అందుకే లోపలి గదిలో కట్టినం. నల్ల గుడ్డ ముక్క ఒకటి మిగిలితే అమ్మ మూడుసార్లు ఉతికి చూసింది. రంగు కదల్లేదు.