గలను – గలిగాను

మన కళాశాలలో చేరే విద్యార్థికి ఆంగ్లంలో ఒక్క వాక్యమైనా తప్పు లేకుండా వ్రాయడం వచ్చునా అని ఎవరైనా అడిగితే, వచ్చునని మేము ధైర్యంగా చెప్పగలము. ఆ వాక్యం సెలవు చీటీలోనిది. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ నాట్ ఏబుల్ టు అటెండ్ ది కాలేజ్ టుడే." జ్వరమైనా, ఇంట పెండ్లి అయినా, ఊరి ప్రయాణమైనా వాక్యంలో మొదటి సగం మారుతుంది గాని రెండవ సగం మారదు. అన్నలు వ్రాసినదే తమ్ముళ్ళు వ్రాస్తారు. మా విద్యార్థి దశలో మేము వ్రాసినదీ అదే.

ఇందువలన ఒక విచిత్రం జరిగింది. శక్తిని తెలుపుటకు ఆంగ్లంలో ఉన్న 'ఏబుల్ టు' అనే పదబంధం మన పిల్లలకు మొట్టమొదట అశక్తతను తెలిపే మాటగానే పరిచయమవుతున్నది. 'నాట్ ఏబుల్ టు' కంఠస్థమైనది. 'ఏబుల్ టు' మాత్రం చేతికి రాలేదు. దీనిని గూర్చి నాలుగు మాటలు చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. మేము తెలుగు బోధించేవారము. పొరుగు పొలంలో అడుగు పెడుతున్నందుకు ఆంగ్లోపన్యాసక మిత్రులు మన్నింతురు గాక! గట్టు మీద నిలబడినవానికి రెండు పొలాలూ కనబడతాయి గదా.

ఆంగ్లంలో సామర్థ్యాన్ని తెలిపే చిన్న మాట 'కెన్'. అది ఎంత చురుకైనదో అంత అసంపూర్ణమైనది. వర్తమానానికి 'కెన్', భూతానికి 'కుడ్' తప్ప దానికి వేరే రూపాలు లేవు. 'విల్ కెన్' అనరాదు; 'హావ్ కెన్' అనరాదు; 'టు కెన్' అనరాదు. ఆ మాట ఎక్కడ ఆగిపోతుందో అక్కడ 'బి ఏబుల్ టు' అందుకొంటుంది. రెండేండ్లలో ఆంగ్లం మాట్లాడగలుగుతాను అనాలంటే, 'ఐ విల్ బి ఏబుల్ టు స్పీక్ ఇంగ్లీష్ ఇన్ టూ ఇయర్స్'. ఇంతవరకు ఫీజు కట్టుకోగలిగాను అనాలంటే, 'ఐ హావ్ బీన్ ఏబుల్ టు పే ది ఫీజ్ సో ఫార్'. పత్రిక చదవగలగాలని నా కోరిక అనాలంటే, 'ఐ వాంట్ టు బి ఏబుల్ టు రీడ్ ది న్యూస్‌పేపర్'. భవిష్యత్తు, నేటిదాకా వచ్చిన గతం, కోరిక అనే ఈ మూడింటికీ 'కెన్' రూపాలు చాలవు.

ఇచట రెండు జాగ్రత్తలు అవసరం. 'ఏబుల్'కు ముందు 'యామ్, ఈజ్, వాజ్' వంటి మాట ఉండి తీరాలి. 'టు' తరువాత క్రియ మూలరూపంలోనే ఉండాలి. 'ఏబుల్ టు గో' అనాలి గాని 'ఏబుల్ టు వెంట్' అనరాదు. ఇక మన జవాబు పత్రాలలో తరచుగా కనబడే 'ఐ కెన్ ఏబుల్ టు డు' అన్నది ఎంతమాత్రం పనికిరాదు. 'ఐ కెన్ డు' అన్నా చాలును, 'ఐ యామ్ ఏబుల్ టు డు' అన్నా చాలును. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.

అసలు సూక్ష్మం భూతకాలంలో ఉన్నది. 'కుడ్' అన్నా 'వాజ్ ఏబుల్ టు' అన్నా ఒకటే అని చాలమంది తలుస్తారు. ఒకటి కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదును ముంచివేసిన మూసీ వరదను తలచుకొందాము. అఫ్జల్‌గంజ్‌లో, తరువాతి కాలంలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణగా మారిన స్థలంలో, ఒక చింతచెట్టును ఆశ్రయించి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని ప్రసిద్ధి. ఆనాటి నగరంలో చెట్టు ఎక్కడం వచ్చినవారు వేలకొలది ఉండి ఉంటారు. వారిని గూర్చి 'దే కుడ్ క్లైమ్ ట్రీస్' అనవచ్చును. కాని ఆ రోజు, ఆ నీటిలో, ఆ కొమ్మను అందుకొని పైకి చేరినవారిని గూర్చి 'దే వర్ ఏబుల్ టు క్లైమ్ దట్ ట్రీ' అనాలి. మొదటిది మనిషిలో ఉన్న శక్తి. రెండవది సమయానికి పనికి వచ్చిన శక్తి. లేదని చెప్పేటప్పుడు మాత్రం ఈ భేదం పోతుంది. 'కుడ్ నాట్' అన్నా 'వాజ్ నాట్ ఏబుల్ టు' అన్నా చెల్లుతుంది. చూడడం, వినడం వంటి క్రియలకు ఒక్కసారి జరిగినదైనా 'కుడ్ సీ', 'కుడ్ హియర్' అనడమే వాడుక.

ఈ భేదం కష్టమైనదని మన విద్యార్థి భయపడనక్కరలేదు. అది అతని ఇంటిలోనే ఉన్నది. తెలుగులో 'ఎక్కగలిగేవాడు' అంటే శక్తి ఉండేదని. 'ఎక్కగలిగాడు' అంటే ఎక్కాడని. ఉర్దూలో 'చఢ్ సక్తా థా' అంటే శక్తి ఉండేదని. 'చఢ్ సకా' అంటే ఎక్కాడని. ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లవాడు ఈ రెండింటినీ ఏనాడూ తారుమారు చేయడు. తెలిసిన భేదానికి మూడవ భాషలో పేరు నేర్చుకోవడమే అతడు చేయవలసిన పని.

మాటల పుట్టుక చూచినా ముచ్చటగా ఉంటుంది. 'కెన్' అనే మాటకు ప్రాచీనార్థం 'తెలియు' అని. 'ఏబుల్' అన్నది పట్టుకొనుట, కలిగియుండుట అనే అర్థంగల లాటిన్ ధాతువు నుండి వచ్చింది. మన 'చేయగలడు'లోనూ ఉన్నది ఆ 'కలిగియుండుట'యే. 'చేయన్' మీద 'కలడు' చేరి, సరళాదేశం వలన క కారం గ కారమై 'చేయఁగలడు' అయినది. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. ఉర్దూలోని 'సక్నా'కు మూలం సంస్కృతంలోని 'శక్' ధాతువు. మన శక్తి, శక్యం, అశక్తత అన్నీ దాని సంతానమే. 'నాకు ఈత వచ్చును' అని తెలుగువారు అంటే, 'మేరెకు తైర్నా ఆతా' అని మా ఇండ్లలోని దక్కనీ అంటుంది. రెండు భాషలలోనూ విద్య మన దగ్గరకు నడచి వచ్చేదే! ఒకే ఊరిలో చిరకాలం ఇరుగు పొరుగుగా బ్రదికిన భాషలకు ఇంతటి చుట్టరికం ఉండడంలో ఆశ్చర్యమేమున్నది?

అయితే ప్రతి 'గల'కూ 'ఏబుల్ టు' పెట్టరాదు. నోటీసు బోర్డు మీద 'విద్యార్థులు గమనించగలరు' అని ఉంటే అది మర్యాదతో కూడిన విన్నపం. వారి శక్తిని గూర్చిన ప్రశంస కాదు. రేడియోలో 'వర్షాలు కురియగలవు' అంటే అది సూచన. మేఘాల సామర్థ్యం కాదు. అట్లే అనుమతి అడిగేటప్పుడు 'మే ఐ కమ్ ఇన్' అనాలి, లేదా 'కెన్ ఐ కమ్ ఇన్' అనాలి. 'యామ్ ఐ ఏబుల్ టు కమ్ ఇన్' అని అడిగితే, పాపం, తలుపు ఇరుకుగా ఉన్నదేమోనని ఉపాధ్యాయుడు లేచి చూడవలసి వస్తుంది.

ఈ సూక్ష్మాలన్నీ పరీక్షలో రెండు మార్కుల కోసమేనా అని అడిగేవారు ఉన్నారు. మా విద్యార్థిని ఒకతె చెప్పిన సంగతి ఇచట చెప్పదగినది. ఆమె తల్లికి ఉర్దూ తప్ప మరొక భాష రాదు. ఒకనాడు తల్లిని తీసికొని నగరంలోని ఒక ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి యువ వైద్యుడు పరరాష్ట్రం వాడు. తెలుగు తెలియదు, దక్కనీ అందదు. "ఈజ్ షి ఏబుల్ టు వాక్?" అని అతడు అడిగాడు. తల్లి, "చల్ సక్తీ మై, లేకిన్ ఆజ్ నై చల్ సకీ" అన్నది. నడిచే శక్తి ఉన్నదే, ఈ రోజు మాత్రం నడవలేకపోయానని ఆ మాటకు అర్థం. వైద్యునికి కావలసిన సమాచారమంతా ఆ చిన్న వాక్యంలో ఉన్నది. కాని కూతురు నోట "మదర్ నాట్ వాక్" అని మాత్రమే వచ్చింది. ఆమె ఎంతో కాలంగా నడవడం లేదని అతడు అనుకొన్నాడు. పక్కనే ఉన్న నర్సమ్మతో ఆ అమ్మాయి తెలుగులో, "నిన్నటిదాకా నడిచింది సిస్టర్, ఈ రోజే నడవలేకపోయింది" అని చెప్పబట్టి సరిపోయింది.

"నాకు ఇంగ్లీషు రాదు సార్, నేనేమీ చేయలేను" అని ఆ అమ్మాయి మా ముందు కంట తడి పెట్టుకొన్నది. ఆమె మాటలో మొదటి సగాన్ని మేము కాదనలేదు. రెండవ సగాన్ని కాదన్నాము. తల్లి ఉర్దూను క్షణంలో తెలుగు చేసి, రోగం నిన్నటిదో నేటిదో తెలియజెప్పినది ఎవరు? 'షి కెన్ వాక్, బట్ టుడే షి వాజ్ నాట్ ఏబుల్ టు' అనే వాక్యాన్ని ఆమె చేత పలికించాము. అర్థం చెప్పవలసిన అవసరం మాకు కలుగలేదు. "ఇంతేనా సార్?" అన్నది. అంతే.

విద్యార్థులారా! 'చేయలేను' అన్న మాటలో 'లేను' ఉన్నది. 'చేయగలను' అన్న మాటలో 'కలను' ఉన్నది. లేను అంటే ఉనికి లేదని, కలను అంటే ఉన్నానని అర్థం. ఫీజు లేక, ఇంట తమ్ముళ్ళను చూచేవారు లేక, జరీ పనికి పోక తప్పక నిజంగానే తరగతికి రాలేని వారు మన మధ్య ఉన్నారని మేము ఎరుగుదుము. వారు వ్రాసే 'నాట్ ఏబుల్ టు' అక్షర సత్యం. దానిని వాడుటకు వారు సిగ్గుపడవలసిన పని లేదు. కాని ఆ పదబంధాన్ని సెలవు చీటీతోనే ముగించవద్దు. ప్రతి దినం రాత్రి పడుకొనబోయే ముందు, ఆనాడు చేయగలిగిన పని ఒక్కటి, ఎంత చిన్నదైనా సరే, 'టుడే ఐ వాజ్ ఏబుల్ టు' అని మొదలుపెట్టి ఒక వాక్యం వ్రాయండి. ఏడాది తిరిగేసరికి ఆంగ్లంలో మూడు వందల అరవై అయిదు వాక్యాలు మీ స్వంతమవుతాయి. ఏ వాక్యాన్నీ ఎవరి సెలవు చీటీ నుండీ ఎత్తి వ్రాయవలసిన అగత్యం ఉండదు.