నూనె వాసన వేసే రుమాలు

పిల్లలూ! పాతగుడ్డ కోసం ఎవరైనా రైలెక్కుతారా? నేను ఎక్కాను, చీరాల వెళ్ళాను.

మా తాతగారి ఎర్ర తలగుడ్డమీద విమానాల బొమ్మలుండేవి. నా చిన్నతనంలో దాన్ని ఒక స్టీలుగిన్నెకు మార్చేశాం. ఎంత తెలివితక్కువ పని! అది తేలియా రుమాలట. హిందీలో 'తేల్' అంటే నూనె. చీరాల నేతగాళ్ళు నూలును నూనెలో, ఆముదపుకాయల బూడిదనీళ్ళలో రోజుల తరబడి నానబెట్టేవారు. అలా నానిన నూలు ఎరుపురంగును గట్టిగా పట్టుకుంటుంది. నేయకముందే పోగులకు ముడులు కట్టి రంగు వేసేవారు. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు, అదే బొమ్మ! ఈ రుమాళ్ళు అరబ్బు దేశాలకు ఓడలమీద వెళ్ళేవి. 1930 ప్రాంతంలో వీటిమీద గడియారాలు, గ్రామఫోనులు కూడా వచ్చాయి.

దుకాణాలన్నీ తిరిగాను. ఒకాయన కొత్త చీరలు పరిచి, "పాతవా? మ్యూజియాల్లో చూడండి, మాస్టారూ!" అని నవ్వాడు.

మీ అమ్మమ్మగారి పెట్టెలో ఎర్రగుడ్డ ఏదైనా ఉంటే, గిన్నెలవాళ్ళు రాకముందే ఒకసారి వాసన చూడండి.