పెద్దకర్మ అయ్యాక

చావు జరిగిన ఇంట్లో మొదటి పదిరోజులూ మనుషులకు కొదవుండదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఓ పూట వియ్యాలవారి నుంచి, ఓ పూట పక్కింటి నుంచి క్యారియర్లు వస్తాయి. వాకిట్లో షామియానా, అద్దె కుర్చీలు. వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే: "ఎలా జరిగింది?"

చదువుకున్నవాళ్ళకు ఈ ప్రశ్నంటే చిరాకు. పాపం, భర్త పోయినావిడ చేత ఎన్నిసార్లు చెప్పిస్తారని. కాస్త దగ్గరగా కూర్చుని వినండి. మొదటి రోజు ఆవిడ మాటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. కాఫీ తాగారు, చెమట పట్టింది, ఆటో దొరకలేదు. ఐదో రోజుకు వాటికో వరస ఏర్పడుతుంది. "ఆటో దొరికినా లాభం లేకపోయేదన్నారు డాక్టరుగారు" అన్న మాట వచ్చి చేరుతుంది. డాక్టరు మొదటిరోజే చెప్పాడు, ఆవిడ చెవికెక్కింది ఇప్పుడు. ఇరవైమందికి చెప్పగా చెప్పగా ఎక్కింది.

అలాగని పరామర్శను నెత్తికెత్తుకోనక్కర్లేదు. "ముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సింది" అనే మేధావి ప్రతి చావింటికీ ఒకడు తయారవుతాడు. భర్త పోయినావిడను పదో రోజున కూర్చోబెట్టి గాజులూ బొట్టూ తీయించే తతంగం ఇంకా జరిపే ఇళ్ళున్నాయి. ఓదార్చడానికి వచ్చిన చుట్టాలే దాన్ని దగ్గరుండి జరిపిస్తారు. అది పోవలసిందే, ఎంత తొందరగా పోతే అంత మంచిది.

నా ఫిర్యాదు వేరే. పెద్దకర్మ భోజనాలయ్యాక షామియానా విప్పినట్టే మనుషులూ విడిపోతారు. కొడుకు బెంగళూరు బస్సెక్కుతాడు, కూతురు డాలస్ విమానమెక్కుతుంది. అసలు కష్టం మొదలయ్యేది అప్పుడు. పాతవాళ్ళకు ఇది తెలుసనిపిస్తుంది. నెలనెలా పోయిన తిథికి మాసికం, ఏడాది తిరిగితే సాంవత్సరికం. అవి పితృదేవతల కోసమంటారు పురోహితులు, కాదనను. ఇంట్లో ఉన్నవాళ్ళకు మాత్రం నెలకోసారి ఓ నలుగురు వచ్చి, విస్తళ్ళ ముందు కూర్చుని, పోయినాయన ముచ్చట్లు చెప్పుకునే రోజది. సెలవుల్లేవని ఇప్పుడు మాసికాలన్నీ పన్నెండో రోజే కలిపి కానిచ్చేస్తున్నారు. శాస్త్రంలో అందుకు వెసులుబాటు ఉందట. దుఃఖాన్ని అలా ముందుకు జరపడం ఎవరి తరమూ కాదు. ముస్లింల ఇళ్ళలో నలభయ్యో రోజు చేరడమూ, క్రైస్తవుల ఆదరణ కూడికలూ ఇలా మనుషుల్ని మళ్ళీ ఆ గడప తొక్కించేవే.

అమెరికా మనోవైద్యుల సంఘం ఎంతకీ తగ్గని దుఃఖాన్ని 2022లో రుగ్మతల జాబితాలోకి చేర్చింది. పెద్దవాళ్ళ విషయంలో కనీసం ఏడాది గడిస్తేనే ఆ పేరు పెట్టాలని షరతు విధించింది. మన ఏటిసూతకం లెక్కా ఏడాదే కావడం కాకతాళీయమే కావచ్చు.

ఆ ఏడాదీ పక్కనుండాల్సింది డాక్టరే కానక్కర్లేదు. జింబాబ్వేలో మనోవైద్యులు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో ఒకరైన డిక్సన్ చిబాండా 2006లో హరారే నగరంలోని ఎంబారే పేటలో 14 మంది బామ్మలకు తర్ఫీదిచ్చి పనిలోకి దించాడు. ఆరోగ్యకేంద్రం ఆవరణలో ఓ చెక్కబెంచీ, దానిమీద ఓ బామ్మ. ఆవిడ మందులివ్వదు. వింటుంది, ఉన్న కష్టాల్లో ముందు దేన్ని పట్టుకోవాలో వచ్చినవాళ్ళ చేతే తేల్పిస్తుంది. దీనిమీద 2016లో ఒక పరిశోధన అచ్చయింది. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్ళలో సగం మందికి కుంగుబాటు లక్షణాలు మిగిలాయి. బామ్మ పక్కన కూర్చున్నవాళ్ళలో నూటికి 14 మందికే. నాకు ఇంకా నచ్చింది ఆ తర్వాతి సంగతి. బెంచీ మీంచి లేచినవాళ్ళు ఒకచోట చేరి, పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు.

మన దగ్గర సంచులు అల్లక్కర్లేదు, పని బోలెడుంది. కరెంటు మీటరు పోయినాయన పేరు మీద, గ్యాసు ఆయన ఫోను నంబరు మీద, బ్యాంకు పాస్‌వర్డు ఆయనతోనే పోయింది. మరణ ధ్రువీకరణ పత్రం జిరాక్సులు పట్టుకుని ఆవిడ ఒక్కతే కౌంటర్ల చుట్టూ తిరగాలి. ప్రతి కౌంటరు దగ్గరా "ఆయన లేరండీ" అని మళ్ళీ చెప్పాలి. ఆ రోజు వెంట వెళ్ళి పక్కన నిలబడటానికి మించిన పరామర్శ లేదు.

భార్య పోయిన మగవాడి సంగతి మరీ అన్యాయం. చుట్టపక్కాలతో రాకపోకలన్నీ నడిపింది ఆవిడ. ఇప్పుడు ఫోను మోగదు, తనంతట తాను చేసి మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు. "ఆయన గట్టి మనిషి" అని అందరూ ఊరుకుంటారు. గట్టి మనిషి రాత్రికి అన్నం వండుకున్నాడో లేదో ఎవరూ అడగరు.

వెళ్ళి ఏం మాట్లాడాలని జంకుతాం. పోయినవాళ్ళ పేరెత్తితే బాధపడతారేమోనని వాతావరణం గురించో, రాజకీయాల గురించో మాట్లాడి వచ్చేస్తాం. నిక్షేపంగా పేరెత్తండి. వాళ్ళు పొద్దుట్నుంచీ తలుచుకుంటున్నది ఆ మనిషినే. తిండీ నిద్రా మానేశారనిపించినా, "నేనూ పోతే బాగుండు" అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు, ఉచితం. నంబరిచ్చి రావడం కాదు, పక్కన కూర్చుని మీరే కలిపివ్వండి.

రెండు మూడు నెలల కింద పెద్దకర్మ జరిగిన ఇల్లు మీకు ఒకటి తెలిసే ఉంటుంది. ఈ ఆదివారం అక్కడికి వెళ్ళండి. చావింటి నుంచి లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకూడదంటారు కానీ, ఇన్నాళ్ళయ్యాక ఆ పట్టింపు లేదు. మళ్ళీ వస్తానని చెప్పండి, చెప్పినట్టే వెళ్ళండి.