పగార్ చిట్టీ

మా బ్యాంకుకు అప్పు కోసం వచ్చే మగ్గాల యజమానులందరిదీ ఈమధ్య ఒకటే పాట: "పనోళ్లు దొరుకుతలేరు సారూ!"

షోలాపూర్ సంగతి తెలియని పాఠకులకు ఒక మాట. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలు చద్దర్లూ టవళ్లూ నేసి పేరు తెచ్చిన ఊరు ఇది. చాలా కార్ఖానాల్లో యజమానీ మనవాడే, నేతగాడూ మనవాడే. మా నాన్న నేతగాడు. అమ్మ బీడీలు చుట్టేది. నేను బీకాం చదివి బ్యాంకు పరీక్ష రాసింది మగ్గం చప్పుడు తప్పించుకోవడానికే. ఆ చప్పుడుకు నాన్న చెవులు యాభై ఏళ్లకే పోయాయి.

మొన్న అక్కల్‌కోట్ రోడ్డులో ఒక కార్ఖానా తనిఖీకి వెళ్లాను. పాత మగ్గాలు తీసేసి ర్యాపియర్ మగ్గాలు పెడతామని దరఖాస్తు. కారణం "కార్మికుల కొరత". షెడ్డు ఒకటే, మా దగ్గర ఖాతాలు మాత్రం మూడు: ఆయనది, తమ్ముడిది, భార్యది. ఒక్కో పేరు కింద పనివాళ్లు ఇరవైమందికి లోపే. ఇరవైమంది ఉంటేనే కదా ప్రావిడెంట్ ఫండు! 1952 చట్టంలోనూ అంతే, ఇప్పటి కోడ్‌లోనూ అంతే. కూలి నేసినంతకే. కరెంటు పోయిన పూట సున్నా.

"కూలి పెంచిన సారూ, అయినా వస్తలేరు. మనోళ్ల పిల్లలకు కష్టం చేసుడు రాదు" అన్నాడు యజమాని. ఆయన్నీ పూర్తిగా తప్పు పట్టలేను. నూలు ధర ఆయన చేతిలో లేదు, టవల్ ధరా లేదు. ఆయన కొడుకు పుణెలో కంప్యూటరు ఉద్యోగి, మా అబ్బాయిలాగే.

బయట టీ బండి దగ్గర నాన్నతో పనిచేసిన పెద్దాయన ఒకరు గుర్తుపట్టి పలకరించాడు. ఆయన కొడుకు మగ్గం వదిలేసి పుణెలో ఏదో గోదాముకు కాపలా ఉంటున్నాడట.

"ఇక్కడికన్న ఎక్కువొస్తదా కాకా?"

"యాడ ఎక్కువ? గది కిరాయి, తిండి పోతే గంతే. గని నెలనెలా పగార్ చిట్టీ ఇస్తరు. నువ్వే అడిగితివి గద బిడ్డా, చిట్టీ ఏదని."

గుర్తొచ్చింది. మూడేళ్ల కింద ఆ అబ్బాయి ఇంటి అప్పుకు వచ్చాడు. ఇరవై ఏళ్లు మగ్గం మీద ఉన్నవాడు. ఆదాయానికి రుజువు లేదని ఫైలు తిప్పి పంపింది నేనే. రూలు ప్రకారమే చేశాను. ఇవాళ వచ్చినా అంతే చేస్తాను.

ఆఫీసుకొచ్చి రిపోర్టులో "కార్మికుల కొరత" అని ఎత్తి రాయబోయి ఆగాను. "ఫండు, జీతపు చిట్టీ లేనందున కార్మికులు నిలవడం లేదు" అని రాశాను. మేనేజరు చదివి, "ఇది రిపోర్టా, యూనియన్ కరపత్రమా?" అని నవ్వి, ఆ వాక్యం కొట్టేసి పాత మాటే వేశాడు. అప్పు మంజూరైంది.

మూడు ఖాతాల సంగతి మాత్రం నేనూ రాయలేదు.