తెరిచిన తలుపు

అద్దాల ముక్కు మీద తెల్లటి పొర కమ్మేసింది. మూడు ఆదివారాల కష్టం! ఫెవికాల్‌తో అంటించాల్సిన అద్దానికి తొందరపడి సూపర్‌గ్లూ పెట్టాను. దాని ఆవిరి తగిలితే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ మసకబారుతుందని అప్పుడే తెలిసింది.

నేను చేస్తున్నది వైమానిక దళం వాడే చేతక్ నమూనా. ఫ్రాన్స్ వాళ్ల అలూయెట్-3ని లైసెన్సు మీద హెచ్ఏఎల్ తయారుచేసి ఆ పేరు పెట్టింది. నా బొమ్మ అసలు దాంట్లో 72వ వంతు. 11 మీటర్ల రోటార్ 15 సెంటీమీటర్లకు దిగింది. కిట్‌లో వచ్చిన రెక్కలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. నేలమీద ఆగిన హెలికాప్టర్‌కి మాత్రం వాటి బరువుకే చివర్లు కిందికి వాలతాయి. అందుకే మూడింటినీ వేడినీళ్లలో ముంచి, వేళ్లతో కొద్దిగా వంచాను. టీ గిన్నె వాడినందుకు ఇంట్లో చివాట్లు వేరే.

నాన్న ఇవేవీ చూడలేదు. ‘‘తలుపు మూసేశావేంట్రా?’’ అన్నారు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసినప్పుడు ఆయనకు పదేళ్లు. తర్వాత ఓ రోజు డాబా మీంచి చూశారట. పెద్ద చప్పుడు, తెరిచిన తలుపు, పొట్లాలు విసురుతున్న చెయ్యి. అది చేతకో కాదో ఆయనకు తెలీదు. దొరికిన పొట్లాల్లో ఒకటి చెల్లెలికని రెండ్రోజులు దాచారట. ఆయనకో చెల్లెలు ఉండేదని మాకు ఇన్నేళ్లూ తెలీదు.

బ్లేడు తీసుకుని వెనక తలుపు గీత వెంబడి కోయడం మొదలుపెట్టాను. నాన్న టేబుల్‌లైటు దగ్గరగా జరిపారు.