శిష్యుని తుపాకి

గడచిన శ్రావణమాసమున నా పూర్వశిష్యుడొకడు అమెరికాలోని పెన్సిల్వేనియానుండి నాకొక జాబు పంపెను. వాడు చంపాపేటలో పెరిగినవాడు. పదియవ తరగతివరకు నాయొద్ద సంస్కృతమును ఇంగ్లీషును చదివెను. "సార్, ఇక్కడ లేళ్లవేట కాలము రానున్నది. నాతో పనిచేయువారు రమ్మనుచున్నారు. లీవరు రైఫిలు కొనదలచితిని. ఏ తూటా తగునో మీరేమైన చెప్పగలరా?" అని వ్రాసి, కడపట "అమ్మకు చెప్పలేదు" అని రెండు మాటలు చేర్చెను. ఆ రెండు మాటలకొరకే తక్కిన జాబంతయు వ్రాసెనని నాకు తోచెను.

నేను తుపాకి ముట్టినవాడను గాను. వేటతో నాకు గల సంబంధమంతయు మా పొరుగుననున్న కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి స్థలపురాణము వినుటయే. కాకతీయ ప్రోలరాజు వేటాడి యలసి యొక చెట్టునీడ కూర్చుండగా రామనామము వినవచ్చెననియు, వెదకగా శిలారూపుడైన స్వామి కనబడెననియు చెప్పుదురు. ఆ రాజు వేటాడిన యడవిలో నేడు మేము బస్సుకొరకు నిలుచుచున్నాము. అయినను శిష్యుడడిగినదానికి తెలియదని తప్పించుకొనుట యుపాధ్యాయునకు తగదు గావున పదిదినములు కూర్చుండి చదివితిని. చదివినకొలది ఆ యంత్రము నన్నాకర్షించెనని యొప్పుకొనక తప్పదు.

ట్రిగ్గరు క్రింద ఉంగరమువలెనుండు లీవరును ముందునకు త్రోసినచో కాలిన తూటాగొట్టము వెలికి నెగురును. వెనుకకు లాగినచో క్రొత్త తూటా లోనికెక్కును. జాన్ బ్రౌనింగు రూపకల్పన చేసిన 1894 నాటి వించెస్టరు రైఫిలు ఈ జాతిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. దానిలో తూటాలు గొట్టము క్రింద మరియొక గొట్టమున ఒకదానివెనుక నొకటి వరుసగా పండుకొనియుండును. ఒకదాని మొన ముందరి దాని యడుగునకు తగులుచుండును. ఆ యడుగుననే మందును రగిలించు ప్రైమరుండును. మొన వాడిగానున్నచో, ప్రేలుడు కుదుపునకు గొట్టములోనే తూటా ప్రేలవచ్చును. కావున ఈ రైఫిలునకు చిరకాలము చదునుమొన గుండ్లే వాడిరి. 2006లో నొక కంపెనీ రబ్బరువంటి మెత్తని మొనగల గుండును తెచ్చినది గాని, అది నిన్నటిమాట. చదునుమొన గాలికెదురొడ్డి త్వరగా వేగము కోల్పోవును. రెండువందల గజములు దాటిన పిమ్మట దానిని నమ్మరాదు.

ఇది లోపమా? మైదానములో లోపమే. పెన్సిల్వేనియా అడవులు చెట్లు క్రిక్కిరిసినవి. అచ్చట లేడి కనబడునదే నూరు గజముల లోపల. ఆ దూరమునకు 1895లో వెలువడిన .30-30 తూటా చాలును. మొదటి సంఖ్య గొట్టపు వెడల్పును అంగుళములో నూరవవంతుల లెక్కన తెలుపును. రెండవది ఆనాడు దానిలో పోసిన పొగలేని మందు ఎన్ని గ్రెయినులో తెలుపును. గుండు 170 గ్రెయినులు, అనగా తులమునకు కొంచెము తక్కువ. సెకనునకు సుమారు 2,200 అడుగుల వేగముతో బయలుదేరును. లేడి యొడలిలో విచ్చుకొని, గుండెను ఊపిరితిత్తులను తాకెనేని ప్రాణము త్వరగా పోవును. ఇంతకంటె చిన్న తూటా దయగలదని తోచును గాని అదియే క్రూరము: దెబ్బతిన్న జంతువు పొదలలో దూరి రాత్రియంతయు బాధపడి చచ్చును. మరీ పెద్దది భుజమును గుద్దును. క్రొత్తవాడు ఆ గుద్దునకు వెరచి ట్రిగ్గరు లాగునపుడే కన్నుమూసి గురి తప్పును. బాధ పెట్టకుండుటకు తగినంత బలము, చేయి వణకకుండుటకు తగినంత మితము, ఈ రెంటిని కూర్చినందున నేను .30-30నే యెన్నుకొంటిని.

ఇదంతయు వ్రాసి మూడు మాటలు చేర్చితిని. వాడు ఉద్యోగపు వీసాపైనున్నాడు. అట్టివారు తుపాకి కలిగియుండుట ఆ దేశపు చట్టము సామాన్యముగా నిషేధించును. రాష్ట్రమిచ్చు వేట లైసెన్సు చేతనుండుట యొక మినహాయింపు. కనుక మొదట శిక్షణ, పిదప లైసెన్సు, ఆపైననే దుకాణము. రెండవది, రైఫిలునకు పెట్టినంత సొమ్ము గురి నేర్చుకొనుటకు పెట్టుము. ఏబది గజములలో అరచేయియంత గుర్తును ప్రతిసారి కొట్టలేనినాడు అడవికి పోవలదు. మూడవది, మీ యమ్మకు నీవే చెప్పుము.

వాడు చెప్పెను. మరునాటి యుదయమే యామె మా గుమ్మములో నిలిచెను.

"నీసు ముట్టని సారు, నా కొడుక్కు తుపాకి జెప్తరా?"

ఆదివారమాదివారము వారింట మేకమాంసము వండుదురని నాకు తెలియును. ఆ మాట నాలుకచివరకు వచ్చెను గాని యనలేదు. నేను మాంసము తిననిమాట నిజమే. అది పుట్టుకతో వచ్చిన యలవాటు గాని నేనార్జించిన పుణ్యము గాదు. దానిని నిచ్చెనగా వేసికొని యితరులపైకెక్కుట నాకు సమ్మతము గాదు. నా భార్య యామెకు టీ యిచ్చెను. ఆ వచ్చు ఆదివారము ముగ్గురము కలిసి మహావీర హరిణ వనస్థలికి పోదమని నేనంటిని.

చంపాపేటనుండి ఎల్.బి. నగరు మీదుగా విజయవాడ మార్గమున పోయిన నది దగ్గరే. ఒకప్పుడది నిజాము వేటభూమి. 1975లో, మహావీరుని నిర్వాణమునకు 2,500 ఏండ్లు నిండిన సందర్భమున, జింకలకు రక్షితస్థానమైనది. ముండ్లపొదల నడుమ కృష్ణజింకలు మేయుచుండెను. కృష్ణసారము తిరుగు దేశము యజ్ఞయోగ్యమని మనువు చెప్పెనని నేను పాఠము చెప్పినప్పుడు, "బలి యిచ్చుటకేనా సార్?" అని ప్రశ్నించినవాడు ఈమె కొడుకే. అప్పుడు నేను వానిని కూర్చుండుమంటిని.

"వీటిని కొడితే జైలే గద?" అని యామె యడిగెను. అవునంటిని, 1972 నాటి చట్టము ప్రకారము మూడేండ్లకు తగ్గక ఏడేండ్లవరకు శిక్ష గలదు. వేటాడి వేటాడి మనవారు వీనిని కొలదిగా మిగిల్చినందున ఆ చట్టము వచ్చినది. అచ్చటి కథ వేరు. అచ్చటివారును ఒకనాడు లేళ్లను దాదాపు తుడిచిపెట్టిరి. వానిని తిను తోడేళ్లను, కూగర్లను కూడ చంపిరి. పిదప లేళ్లను తిరిగి పెంచిరి గాని తోడేళ్లను తేలేదు. నేడు లేళ్లు మొలకనెల్ల మేయుటచే పలుచోట్ల అడవి తిరిగి మొలకెత్తుటలేదు. అందుచే ఏటేట వేటగాండ్రు లక్షల లేళ్లను కొట్టుదురు.

"అంటే తోడేలు జేసే పని మావోడు జేస్తడన్నట్టు."

ఇంత చక్కగా నేను చెప్పియుండలేదు.

ఆమె కొంతసేపు జింకలను చూచుచు ఊరకుండెను. పిదప, "ఒక్కడుంటడు, అంత మాంసం ఏం జేసుకుంటడు?" అనెను. వేటగాండ్రిచ్చు మాంసమును పేదలకు చేర్చు సంస్థ యొకటి పెన్సిల్వేనియాలో 1991నుండి పనిచేయుచున్నదని చెప్పితిని. ఆమె సంచిలోనుండి ఫోను తీసెను. అచ్చట నర్ధరాత్రి దాటియుండునని నేను వారించుచుండగనే కొడుకు పలికెను.

"కొట్టినదాన్ని పారేయకు బిడ్డా, లేనోళ్లకియ్యి. గురి కుదరకుంటే కొట్టనే కొట్టకు. సారు గూడ గదే అంటుండు."