పెట్టె కోసం కిందికి దిగాను

2020 అక్టోబర్ 13 రాత్రి ఇంట్లో నీళ్లు నడుము దాటాయి. అప్పటికే స్లాబు మీదికి చేరిన నేను మళ్లీ కిందికి దిగాను, ఒక అట్టపెట్టె కోసం. అందులో మూడు ప్లాస్టిక్ ట్యాంకులు, వాటి మీద పరచడానికి నా చేత్తో చేసిన బుల్లి తాడిపత్రులు, మూటలు ఉన్నాయి. ఆయాసం వస్తే నాయిన పీల్చే పంపు మాత్రం ఆయన మంచం పక్క సొరుగులోనే ఉండిపోయింది. అది నాకు గుర్తే రాలేదు.

తాడిపత్రి అంటే అనంతపురం వైపు ఊరు కాదు. మా పాతబస్తీలో టార్పాలిన్‌ను అలాగే అంటాం. నాయిన ముప్పై ఏళ్లకు పైగా ఉస్మాన్‌గంజ్‌లో లారీలకు తాడిపత్రులు కుట్టాడు. కిర్మిచ్ గుడ్డ, మైనం వాసన, అంచులో దూర్చే తాడు, ఇత్తడి కన్నాల మధ్యే నేను పెరిగాను. ఆ పని మాత్రం అబ్బలేదు. ఛత్తాబజార్‌లో పెళ్లికార్డులు వేసే ప్రెస్సులో కటింగు, మడత పనికి కుదిరాను. అట్లా కాగితం చేతికి అలవాటై, రాత్రిళ్లు ఈ బొమ్మల పిచ్చి పట్టుకుంది.

నేను చేసే ట్యాంకులు అసలు దాంట్లో 35వ వంతు ఉంటాయి. 1960లలో జపాన్‌లోని టామియా కంపెనీ ప్యాంథర్ ట్యాంకు బొమ్మ లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా కొలత పెట్టుకుంటే ఆ లెక్క వచ్చిందట. ఇప్పుడు ప్రపంచమంతా అదే కొలత. 20 లీటర్ల జెర్రీ క్యాను వెడల్పు సుమారు 35 సెంటీమీటర్లు, అంటే బొమ్మలో ఒక సెంటీమీటరు. డబ్బాలు, పెట్టెలు చేయడం సులువే. ప్రాణం తీసేది గుడ్డ. మిల్లీమీటరు మందం కిర్మిచ్‌ను 35తో భాగిస్తే 0.03 మిల్లీమీటరు కూడా నిండదు. నిజం గుడ్డనే కత్తిరించి వేస్తే ట్యాంకు మీద గోనెసంచి ఆరేసినట్టుంటుంది, ఒక్కో పోగు మోకులా కనిపిస్తుంది.

అందుకని గాలిపటాల పల్చటి కాగితాన్ని టీ డికాక్షన్‌తో రంగెక్కించి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి పరుస్తాను. లేదంటే ఎం-సీల్. రెండు ముద్దలు సమంగా తీసుకుని, రంగు ఒక్కటయ్యేదాకా పిసికి, గాజు పలక మీద టాల్కం పౌడరు చల్లి సీసాతో చపాతీలా ఒత్తాలి. గట్టిపడేలోపు ట్యాంకు మీద కప్పి, తడిపిన పళ్లపుల్లతో ముడతలు దిద్దాలి. ఎం-సీల్ ఎంత ఒత్తినా కాగితమంత పల్చన కాదు, అంచులు గీకి గీకి కన్ను మోసం చేయాలి. నాకు కాగితమే ఇష్టం. బెల్టులకు పెళ్లికార్డు కవర్ల అంచులు, బకిల్స్‌కు కాలిపోయిన ఫ్యాను మోటారులోని రాగితీగ.

సికింద్రాబాద్‌లో ఉండే ఒక రిటైర్డ్ ఆర్మీ ఆఫీసరు గారు ఆ ఏడాది మూడు సెంచూరియన్ ట్యాంకులు చేసిపెట్టమన్నారు. 1971 డిసెంబర్‌లో బసంతర్ దగ్గర పూనా హార్స్ రెజిమెంటు పోరాడింది సెంచూరియన్లతోనే. డిసెంబర్ 16న 21 ఏళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ అమరుడై పరమవీరచక్ర పొందింది అక్కడే. ఆ యుద్ధంలో పట్టుబడ్డ పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకు ఒకటి మన హుస్సేన్‌సాగర్ గట్టు దగ్గరుంది. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ దాని నుంచి నేర్చుకునేది తక్కువ. ఒక్క మూట ఉండదు, ఒక్క తాడు ఉండదు, బోడి ఇనుము.

మొదటి ట్యాంకు తీసుకెళ్లి చూపిస్తే ఆయన చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "నలుగురు మనుషులు దీని మీద కాపురం చేస్తారు బాబూ. పరుపులు, గిన్నెలు, నీళ్లు, అన్నీ బయటే కట్టుకుంటారు. నువ్వు బట్టల షాపు పెట్టావు. నీ తాడిపత్రి ఒక్కసారి కూడా తడవలేదు" అన్నారు. ఒళ్లు మండింది. అయినా ఏం చేస్తాను, లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు లేవు, కార్డులు లేవు, ఆ ఆర్డరు డబ్బుతోనే ఇల్లు గడవాలి. ట్యాంకుల ఫోటోలు ముందేసుకుని కొత్తగా తొమ్మిది తాడిపత్రులు చేశాను. ఆరు కాగితంతో, మూడు ఎం-సీల్‌తో. పెట్టెలో సర్ది అటక మీద పెట్టాను.

ఆ మంగళవారం పొద్దున్నుంచీ ముసురే. చీకటి పడ్డాక వాన ఊపందుకుంది. మాది ఉప్పుగూడలో పల్లపు గల్లీ. ముందు బాత్రూమ్ మోరీ వెనక్కి తన్నింది. నల్లటి నీళ్లు బుడబుడమంటూ వంటగదిలోకి వచ్చాయి. గోనెసంచులు అడ్డం పెట్టేసరికి గుమ్మం నుంచి ఇంకో ధార. కరెంటు పోయింది. ఫ్రిజ్ ఒక పక్కకి ఒరిగి తేలడం సెల్‌ఫోన్ లైటులో చూశాను. ఆ ఇరవై నాలుగు గంటల్లో నగరంలో 19 సెంటీమీటర్ల పైన పడిందని, 1903 నాటి అక్టోబర్ రికార్డు చెరిగిపోయిందని తరవాత చదివాను. ఆ రాత్రి మాకు తెలిసిన కొలత మోకాలు, తొడ, నడుము.

మెట్లు ఇంటి బయట నుంచి. పిల్లలిద్దరినీ, నాయినను, దొరికిన బొంతలను పైకి చేర్చాం. స్లాబు మీద గది లేదు, రేపెప్పుడో కట్టబోయే పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ ఊచలు తప్ప. నీళ్ల ట్యాంకు వెనక నాయిన దాచుకున్న పాత లారీ తాడిపత్రి ఉంది, ఐదారు మాసికలతో. 1908లో మూసీ పొంగినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారంటారు. మాకు చెట్టు లేదు, ఆ ఊచలే.

డెబ్బై నాలుగేళ్ల మనిషి, వానలో నిలబడి ఆర్డర్లు వేశాడు. "ఊచలకు చెప్పులు తొడుగుండ్రి. లేకుంటే గుడ్డ చినుగుతది." పిల్లల చెప్పులు, నా చెప్పులు, మా ఆవిడవి, ఊచల మొనలకు గుచ్చి పైన తాడిపత్రి లాగాం. తడిసిన కిర్మిచ్ బరువు అప్పుడు తెలిసింది. ఇద్దరం కలిసి ఒక మూల ఎత్తలేకపోయాం. "ఒక దిక్కు వాలు పెట్టు. నడుమ కడుపు పడనియ్యకు" అని నాయిన అరుస్తూనే ఉన్నాడు.

మూడు మూలలు కట్టాం. నాలుగో తాడు పొట్టిదైంది. దాన్ని నాయిన చేతికిచ్చి, "ఇప్పుడే వస్త" అని దిగాను. డబ్బుల కోసమని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, ఆ తొమ్మిది ముక్కలు చూపించి ఆఫీసరు గారితో ఔననిపించుకోవాలన్న పంతం.

లోపల నీళ్లు ఛాతీకొచ్చాయి. అటక అందింది, పెట్టె అందింది. బయటికి వచ్చేటప్పుడు గుమ్మం ముందు నాలా మీది బండ లేచిపోయిన సంగతి కాలికి తెలిసింది. మునిగాను. పెట్టె వదల్లేదు, అదే నా తెలివి. ఎదురింటి కుర్రాడు మెట్ల మీద నుంచి వంగి నా చొక్కా కాలరు పట్టుకుని లాగాడు. ఆ చొక్కా చిరగకపోవడం నా అదృష్టం.

పైకి వెళ్లేసరికి నాయిన తాడు పట్టుకునే కూర్చున్నాడు. ఛాతీలోంచి పిల్లనగ్రోవిలా చప్పుడు. మా ఆవిడ పెట్టె వంక చూసింది. "పంపు తెచ్చినవా?" అంది. ఇంకేం అనలేదు.

మళ్లీ దిగబోతే మెట్ల మొదట్లో నీళ్లు సుడి తిరుగుతున్నాయి. నాయిన చెయ్యి అడ్డం పెట్టాడు. అరగంటకోసారి తాడిపత్రి నడుమ నీళ్లు నిలిచి కడుపు దిగేది. చీపురు కట్టెతో కింద నుంచి ఎత్తిపొడిస్తే ఒక్కసారిగా బిందెడు నీళ్లు అంచు మీద నుంచి దూకేవి. పొడవడం, కూర్చోవడం, నాయిన ఊపిరి లెక్కపెట్టడం, తెల్లారేదాకా ఇదే పని. పక్క బిల్డింగు ఖాలా మా మాటలు విన్నట్టుంది, మూడు గంటలప్పుడు కేకేసింది. వాళ్లాయన పంపును ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, బరువుకు ఒక ఆలుగడ్డ వేసి, ముడేసి విసిరింది. మొదటి విసురుకే మా పిట్టగోడకు తగిలి లోపల పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. నాయిన రెండు సార్లు పీల్చాడు. కాసేపటికి మూలగడం తగ్గింది.

తెల్లారాక పెట్టె తెరిచాను. కాగితం తాడిపత్రులు ఆరూ జావైపోయాయి. ఫెవికాల్ నీళ్లలో నానితే అంతే కదా. నేను ముచ్చటపడనివి, ఆ మూడు ఎం-సీల్ ముక్కలు, చెక్కుచెదరలేదు. మధ్యాహ్నానికి నీళ్లు తగ్గి కిందికి వెళ్తే గోడ మీద బురద గీత అటకకు జానెడు కిందే ఆగి ఉంది. పెట్టెను అక్కడే వదిలేసి ఉంటే పొడిగా ఉండేది.

నాలుగు రోజులకు, నవరాత్రులు మొదలైన శనివారం రాత్రి, బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగింది. ఇంట్లో బురద ఇంకా ఎత్తనే లేదు, మళ్లీ నీళ్లు. ఈసారి ముందు పంపు, తరవాత పిల్లల సర్టిఫికెట్లు, స్టవ్వు, బియ్యం. పెట్టె సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది అటక మీదే ఉండి బతికింది.

ఆఫీసరు గారు నవంబర్‌లో ఫోన్ చేసి, తొందరేం లేదు, ఇల్లు చూసుకో అన్నారు. జనవరిలో మళ్లీ కూర్చున్నాను. ఈసారి ఫోటోలు ముందేసుకోలేదు. ముడతలన్నీ కట్టిన కన్నం దగ్గర మొదలై విసనకర్రలా విచ్చుకుంటాయి, తాడు కోసిన చోట గుడ్డ రెండు వైపులా ఉబ్బుతుంది, ఎండిన బురద గుడ్డంతా అంటదు, మడత అడుగున సన్నటి గీతగా మిగులుతుంది. ఫోటోల్లోనూ ఇవన్నీ ఉండే ఉంటాయి. మూటల మధ్య ఒక గిన్నె, ఒక చుట్టిన బొంత ఇరికించాను. టరెట్ వెనక పెట్టె మీద కప్పిన తాడిపత్రి నడుమ కొంచెం పల్లం నొక్కి, వార్నిష్ చుక్క వేసి నీళ్లు నిలిపాను.

ఇచ్చి రావడానికి ముందు రోజు నాయిన కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూశాడు. ఇన్నేళ్లలో నా బొమ్మను ఆయన చేతిలోకి తీసుకోవడం అదే మొదలు.

"కడుపు పడ్డది. కింద నుంచి పొడువు" అన్నాడు.

"గది ఎం-సీల్ నాయినా, గట్టిపడ్డది. ఇగ లేవది."

వినలేదు. చిటికెన వేలు గోరుతో ఆ పల్లం కింద సందు వెతుకుతూ కూర్చున్నాడు.